పెంపుడు పిల్లికి వేట నేర్పే ఆట: మీ ప్రశ్నలు, మా జవాబులు

వానలు పడి పొలాల్లో బొరియల్లోకి నీళ్లు చేరగానే ఎలుకలు ఇళ్ల దారి పడతాయి. ఆ వెంటనే మాకు పిల్లుల గురించి ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువమంది అడిగింది ఒకటే: ఇంట్లో ముద్దుగా పెరిగిన పిల్లి చేత ఎలుకలు పట్టించడం ఎలా?

ప్రశ్న: మా పిల్లికి మూడున్నర నెలలు. నెల పిల్లగా ఉన్నప్పుడు మేడ మెట్ల కింద దొరికితే తెచ్చుకున్నాం. రాత్రిళ్లు గ్యాస్ బండ వెనక చిట్టెలుకలు తిరుగుతుంటే చెవులు రిక్కించి చూస్తుంది తప్ప కదలదు. ఆటలాడిస్తూ దీనికి ఎలుకలు పట్టడం నేర్పవచ్చా? ఎలా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెవులు రిక్కిస్తోందంటే పనికొచ్చే పిల్లే. పొంచి ఉండడం, వెంటపడడం, దూకి పంజాతో అదమడం పిల్లికి పుట్టుకతో వస్తాయి. సాధన కావాల్సింది చివరి మెట్టుకు, అంటే మెడ వెనక సరైన చోట కోరపళ్లు దించి చంపడానికి. తల్లి ఈ పాఠం చెబుతుంది. పిల్లలకు నాలుగైదు వారాలు వచ్చేసరికి చచ్చిన ఎలుకను తెచ్చి ముందు పడేస్తుంది, తర్వాత కొన ఊపిరితో ఉన్నదాన్ని, చివరికి బతికున్నదాన్ని తెచ్చి వదులుతుంది. మీ పిల్ల నెలకే తల్లికి దూరమైంది కాబట్టి పాఠం మొదట్లోనే ఆగిపోయింది.

జింగ్ యాంగ్ కువో అనే చైనా శాస్త్రవేత్త 1930లో ప్రచురించిన ప్రయోగంలో ఈ తేడా స్పష్టంగా కనబడింది. ఎలుకలను చంపే తల్లి దగ్గర పెరిగిన 21 పిల్లల్లో 18 ఎలుకలను చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో 9 చంపాయి. చిన్నప్పటి నుంచీ ఎలుకతో కలిసి ఒకే గూట్లో పెరిగిన 18లో 3 మాత్రమే చంపాయి. తల్లి లేకపోయినా దాదాపు సగం పిల్లులు సొంతంగా నేర్చుకున్నాయన్నమాట. ఆటతో మీరు చేసేది మీ పిల్లిని ఆ సగంలోకి చేర్చే ప్రయత్నం. తప్పకుండా పడుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ముందు బొమ్మ ఎలుకను తయారుచేసుకోండి. పాత నూలు మేజోడు ముందు భాగం కత్తిరించి, గుడ్డపీలికలు కూరి, లోపల ఒక చెంచాడు బియ్యం పోసి, మూతి రెండు వరసలు గట్టిగా కుట్టేయండి. రెండున్నర అంగుళాల పొడవు, 20 గ్రాముల లోపు బరువు ఉంటే చిట్టెలుకకు సరిపోలుతుంది. బియ్యం ఉన్నందువల్ల లాగినప్పుడు కాస్త గరగరమంటుంది. తోకకు గుడ్డపట్టీ కుట్టండి. కళ్లకు గుండీలు, పూసలు వద్దు, ఊడితే మింగేస్తుంది. ఈ బొమ్మను నాలుగడుగుల నూలు తాడుకు, తాడును మూడడుగుల వెదురు బద్దకు కట్టండి. బద్ద ఎందుకంటే మీ చెయ్యి ఆటలోకి రాకూడదు.

ఇక ఆడించే తీరు. చాలామంది బొమ్మను పిల్లి ముఖం ముందు ఊపుతారు. ఏ ఎలుకా పిల్లి మీదికి రాదు, పారిపోతుంది. పైగా పిల్లికి అడుగు లోపల ఉన్నది మసగ్గా కనబడుతుంది. అందుకని నాలుగైదడుగుల దూరంలో మొదలుపెట్టి, గోడవారగా, పిల్లికి దూరంగా లాగండి. రెండడుగులు గబగబా లాగి ఆపేయండి. రెండు మూడు క్షణాలు కదపకండి. తర్వాత తోక మాత్రం కదిలేంతగా చిన్న కుదుపు ఇవ్వండి.

ఇప్పుడు బొమ్మ మీంచి చూపు మరల్చి పిల్లిని గమనించండి. పొట్ట నేలకు ఆనుతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, తోక చివర మాత్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది, వెనక కాళ్లను మార్చి మార్చి వేస్తూ నడుము ఊపుతుంది. ఈ స్థితిలో మీరు తొందరపడి బొమ్మను లాగేస్తే దాని లెక్క తప్పుతుంది. ఆగండి. మరొక్క కుదుపు చాలు, దూకుతుంది. మీసాలు ముందుకు వచ్చి బొమ్మను చుట్టుకోవడం కనబడుతుంది. కంటికి ఆననంత దగ్గరలో ఎక్కడ కొరకాలో వాటితోనే తెలుసుకుంటుంది.

దొరికాక వెంటనే లాక్కోకండి. కొరకనివ్వండి, వెనక కాళ్లతో తన్ననివ్వండి. తాడును మెల్లగా రెండు మూడుసార్లు లాగితే ఎలుక పెనుగులాడినట్టు ఉండి పట్టు బిగిస్తుంది. ఆ తర్వాత తాడు వదిలేయండి. బొమ్మ చలనం లేకుండా పడి ఉండాలి, పిల్లి దాన్ని నోట కరుచుకుని మూలకు తీసుకెళ్లాలి. ప్రతి నాలుగు ప్రయత్నాల్లో కనీసం రెండుసార్లు దొరకాలి. ఒక్కసారీ దొరక్కపోతే మూడో రోజుకు విసుగొచ్చి లేచిపోతుంది. ఆట ముగిసిన అయిదు నిమిషాల్లో తిండి పెట్టండి. వేట, పట్టు, తిండి ఈ వరసలోనే రావాలి.

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి అయిదు నుంచి పది నిమిషాలు చాలు. తెల్లవారుజామున, దీపాలు పెట్టే వేళ పిల్లికి సహజంగానే చురుకు ఎక్కువ. ఒకే బొమ్మయితే త్వరగా మొహం మొత్తుతుంది. రంగు, గుడ్డ, వాసన తేడాగా ఉండేలా మూడు కుట్టి మార్చి మార్చి వాడండి.

పది పదిహేను రోజుల తర్వాత ఆటను గదిలోంచి వంటింట్లోకి మార్చండి. ఎలుక రెట్టలు ఎక్కడ కనబడతాయో అవే మీకు గుర్తులు: బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక, అంతకంటే బాగా పెద్దవయితే పెద్ద ఎలుక. బియ్యం డ్రమ్ము వెనక, ఫ్రిజ్ కింద, గ్యాస్ బండ పక్కన బొమ్మను కనుమరుగు చేసి, లోపల గోటితో గీరినట్టు చప్పుడు చేయండి, కాసేపటికి మూతి మాత్రం బయటికి తీయండి. చిన్న దీపం వెలుతురులో ఆడించండి. పరుగెత్తించడం కంటే ఈ కాపు కాయడమే ముఖ్యం. ఇంట్లో ఎలుకలు పట్టే పిల్లి ఎక్కువసేపు చేసే పని కన్నం ముందు కదలకుండా కూర్చోవడమే.

బోనులో పడ్డ ఎలుక కాలికి దారం కట్టి పిల్లి ముందు వదలడం కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి అలా చేయకండి. అది ఎలుకకు హింస. మూలకు చిక్కిన ఎలుక మూతి మీద కరిస్తే, అనుభవం లేని పిల్ల ఆ తర్వాత ఎలుకల జోలికే పోకపోవచ్చు. ఆట అయ్యాక తాడు, బొమ్మ బీరువాలో పెట్టేయండి. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలి వైపుకు ఉంటాయి కాబట్టి నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మలేదు, మింగుతుంది. అది పేగులను ముడతలు పెట్టి కోసేస్తుంది. నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: వడ్ల బస్తాలు ఇంట్లోనే పెట్టుకుంటాం. పిల్లికి కడుపు నిండా పెడితే ఎలుకను ముట్టదని, రెండు రోజులు మాడిస్తే అదే పడుతుందని మా అత్తయ్య అంటారు. మా వారేమో ఆడిస్తే ఆటతోనే సరిపెట్టుకుని వేట మానేస్తుందంటారు. ఏది నిజం?
— ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అత్తయ్య గారి మాటలో కొంత నిజం ఉంది. కాస్త ఆకలి మీదున్న పిల్లి పట్టినదాన్ని త్వరగా చంపుతుంది. కానీ పొంచాలన్న కోరిక ఆకలితో పుట్టేది కాదు, నిండు కడుపుతో ఉన్న పిల్లి కూడా కదిలే ఎలుక వెంట పడుతుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కిలోకేలరీలు కావాలి. ఒక చిట్టెలుకలో ఉండేది 30 లోపే. ఎలుకల మీదే బతకాలంటే రోజుకు ఏడెనిమిది పట్టాలి. వేట సరిగ్గా రాని పిల్లిని మాడిస్తే పక్కింటి పాల గిన్నె మీదికో, చేపల బజారుకో పోతుంది. ఒళ్లు చేసిన పిల్లి మూడు నాలుగు రోజులు తిండి లేకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి తిండి తగ్గించకండి, వేళ మార్చండి. పొద్దున ఒకసారి, రాత్రి ఆట అయ్యాక ఒకసారి పెట్టి, మధ్యలో గిన్నె తీసేయండి. నాలుగు కిలోల పిల్లికి పొడి ఆహారమైతే రోజుకు 55 నుంచి 65 గ్రాములు. ఇంట్లో వండితే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, కోడిగుండె, గుడ్డు పెట్టి, ఉడికిన నీళ్లు కూడా పోయండి. టారిన్ అనే పోషకం ఆ నీళ్లలోకి దిగిపోతుంది, అది లేకపోతే పిల్లికి చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు కాబట్టి వారంలో కొన్ని రోజులైనా పిల్లుల కోసం చేసిన ఆహారం కలపండి. పెరుగన్నం, పాలన్నం మీద పెరిగే పిల్లి బలహీనంగా ఉంటుంది, చాలా పిల్లులకు ఆవుపాలు విరేచనాలు తెస్తాయి.

మీ వారి సందేహంలోనూ పస ఉంది. ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశోధనలో, బయట తిరిగి వేటాడే పిల్లులను రోజూ 5–10 నిమిషాలు ఆడిస్తే అవి ఇంటికి తెచ్చే వేట 25 శాతం తగ్గింది. మాంసం ఎక్కువగా ఉన్న ఆహారం పెడితే 36 శాతం తగ్గింది. కానీ అవి ముందే వేట వచ్చిన పిల్లులు. రాని పిల్లికి ఆట పాఠం, వచ్చిన పిల్లికి ఆట వేటకు బదులు. అందుకని మీ పిల్లి మొదటి రెండు మూడు ఎలుకలు పట్టేదాకా రెండు పూటలా ఆడించండి. ఆ తర్వాత సాయంత్రం ఆట ఆపి పొద్దుటిది ఉంచండి, రాత్రి హుషారు ధాన్యం గదిలో ఖర్చవుతుంది. తిండి నాణ్యత మాత్రం తగ్గించవద్దు.

ప్రశ్న: లేజర్ లైటుతో ఆడిస్తున్నాం. మొదట్లో బాగా పరుగెత్తేది. ఇప్పుడు లైటు ఆపినా గోడలకేసి చూస్తుంటుంది, మా కాళ్లు, చేతులు పట్టి కరుస్తోంది.
— ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: లైటు ఎంత తరిమినా పంజాకు ఏమీ తగలదు. పట్టు దొరకని వేట పిల్లిలో చిరాకుగా మిగిలిపోయి, కదిలే మీ పాదం మీద తీరుతుంది. ఎలుకను పట్టడానికి కావాల్సిన అదమడం, కొరకడం, మోయడం లైటుతో ఒక్కటీ అభ్యాసం కావు. లేజర్ మానేసి పైన చెప్పిన బద్ద బొమ్మకు మారండి. కరిచినప్పుడు చెయ్యి గుంజకండి, గుంజితే పారిపోయే ఎలుకే అవుతుంది. చెయ్యి కదపకుండా ఉంచి, వదిలాక లేచి వెళ్లిపోండి. కొట్టడం, మూతి మీద నీళ్లు చల్లడం వద్దు, మీరంటే భయం తప్ప ఏమీ నేర్చుకోదు. ఇంట్లో పిల్లలు వేళ్లు ఆడిస్తూ పిల్లిని రెచ్చగొడుతుంటే అది కూడా ఆపాలి.

ప్రశ్న: మా ఆడపిల్లి ఎలుకను పట్టి, చంపకుండా గంటసేపు ఎగరేసి ఆడుకుంటుంది. పోయినవారం బతికున్నదాన్ని తెచ్చి మంచం కింద వదిలింది. పిల్లికి చెలగాటమే గానీ మాకు నిద్ర లేదు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అది చెలగాటంలా కనబడుతుంది గానీ అందులో జాగ్రత్త ఉంది. చంపాలంటే మూతిని ఎలుక పళ్లకు దగ్గరగా తేవాలి. కొరికే చోటు మీద నమ్మకం లేని పిల్లి పంజాతో కొట్టి, విసిరి, ఎలుక అలిసిపోయేదాకా ఆగుతుంది. ఎలుక పెద్దదయిన కొద్దీ ఈ తంతు సాగుతుంది, పిల్లి ఆకలితో ఉంటే త్వరగా ముగుస్తుంది. మీ పిల్లికి పట్టడం వచ్చింది, చంపడం సగమే వచ్చింది. దానికి బొమ్మ ఆటలో చివరి భాగం పెంచండి. దొరికాక లాగి పెనుగులాడించడం, గట్టిగా మెడ దగ్గర కరిచిన క్షణంలోనే బొమ్మను చచ్చినట్టు వదిలేయడం. ఎక్కడ కరిస్తే కదలిక ఆగుతుందో దానికి ఒంటబడుతుంది.

బతికున్నదాన్ని తెచ్చినప్పుడు తిట్టకండి. తిడితే తేవడం మానదు, మీకు కనబడకుండా బీరువా వెనక దాస్తుంది. చిన్న మాంసం ముక్క చూపి, అది తినడానికి నోరు తెరిచాక ఎలుక మీద డబ్బా బోర్లించి, కింద అట్ట తోసి బయటికి తీయండి. ఉత్త చేతులతో పట్టుకోవద్దు. పడగ్గది తలుపు రాత్రిపూట వేసి ఉంచండి.

ప్రశ్న: కిరాణా గోదాములో పందికొక్కులు, పెద్ద ఎలుకలు. రెండు పిల్లులను తెచ్చి వదిలాను, తేడా లేదు.
— ఒక వ్యాపారి, నిజామాబాద్

జవాబు: తప్పు పిల్లులది కాదు. చిట్టెలుక 15–20 గ్రాములు ఉంటుంది, ఇళ్లలో అటకెక్కే నల్ల ఎలుక 100–200 గ్రాములు. పందికొక్కుల్లో పెద్ద రకం కిలో దాకా పెరుగుతుంది, ఎదురు తిరిగి కరుస్తుంది. మూడు నాలుగు కిలోల పిల్లి దానితో పోరాడి గాయపడడానికి ఇష్టపడదు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక చెత్త శుద్ధి కేంద్రంలో 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే, అక్కడి వీధిపిల్లులు పెద్ద ఎలుకల మీద చేసిన దాడులు మూడు, చంపినవి రెండు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. పిల్లులు ఉన్నప్పుడు ఎలుకలు బయటికి రావడం తగ్గించి దాక్కున్నాయి, అంతే. ఎంత శిక్షణ ఇచ్చినా ఈ పరిమితి పోదు.

మీరు ముందు కన్నాలు మూయాలి. వేలు దూరేంత సందు ఎలుకకు చాలు, పెన్సిల్ దూరే సందు చిట్టెలుకకు చాలు. స్టీలు పీచు కూరి పైన సిమెంటు వేయండి, గుడ్డలు కూరితే కొరికేస్తాయి. బస్తాలను గోడకు అడుగు దూరంగా, నేలకు అరడుగు ఎత్తున చెక్కల మీద పేర్చండి. గోడవారగా సందు లేకపోతే పిల్లి వెళ్లే దారే ఉండదు. పందికొక్కులకు ఇనుప బోనులు పెట్టండి. సంఖ్య తగ్గాక కొత్తగా వచ్చే చిన్న ఎలుకలను, ఎలుక కూనలను ఆపడానికి ఆ రెండు పిల్లులు బాగా పనికొస్తాయి. చిట్టెలుక చూలు కట్టిన 20 రోజులకే ఈనుతుంది, ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు. తొలి రోజుల్లోనే పిల్లి ఉంటే దాని విలువ తెలుస్తుంది.

ప్రశ్న: పిల్లితో పాటు ఎలుకల మందు, జిగురు అట్టలు కూడా పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకండి, పక్కింటివాళ్లు పెడుతుంటే చెప్పి మాన్పించండి. బ్రోమడయోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు మందకొడిగా తిరుగుతుంది. కొత్తగా వేట నేర్చిన పిల్లికి అదే తేలిగ్గా దొరుకుతుంది. మందు ఎలుక కాలేయంలో నిలిచి ఉంటుంది కాబట్టి దాన్ని తిన్న పిల్లి రక్తానికి గడ్డకట్టే శక్తి పోతుంది. చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, ముక్కులోనో మూత్రంలోనో రక్తం కనబడితే గంటలు లెక్కపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విటమిన్ కె1 తో బతికించవచ్చు, మూడు నాలుగు వారాలు వాడాలి. జింక్ ఫాస్ఫైడ్ అనే మరో ఎలుకల మందుకు అలాంటి విరుగుడు లేదు. మందు ప్యాకెట్టు డాక్టరుకు చూపించండి.

జిగురు అట్టకు పిల్లి అంటుకుంటే ముందు కళ్ల మీద గుడ్డ కప్పి, మిగిలిన జిగురు మీద కాగితాలు పరవండి. అంటుకున్న చోట వంటనూనె పోసి వేళ్లతో రుద్దుతూ కొద్దికొద్దిగా విడదీయండి. కిరసనాయిలు, టర్పెంటైన్ చర్మాన్ని కాలుస్తాయి, నాకితే విషం. విడిపించాక పసిపిల్లల షాంపూతో కడిగి తుడవండి.

ప్రశ్న: మా పిల్లికి అయిదేళ్లు, ఎప్పుడూ బయటికి వెళ్లలేదు. చలికాలంలో బేస్‌మెంట్‌లోకి చిట్టెలుకలు వస్తున్నాయి. ఈ వయసులో నేర్చుకుంటుందా? మా కోడలు గర్భవతి, ఎలుకను తింటే ఇబ్బందేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నేర్చుకునే అవకాశం ఉంది, కూన కంటే నెమ్మదిగా. ఇంటిపిల్లి మొదట బేస్‌మెంట్‌కే భయపడుతుంది. వారం రోజులు దాని గిన్నె, పక్క అక్కడ పెట్టి అలవాటు చేశాక ఆట మొదలుపెట్టండి. బొమ్మ చిన్నదిగా ఉండాలి, పెద్దదైతే వెనక్కి తగ్గుతుంది. ఒళ్లు బరువెక్కి ఉంటే అయిదు నిమిషాల ఆటను మూడు ముక్కలు చేయండి. మెడకు గంట ఉంటే తీసేయండి.

రెండో ప్రశ్న చాలా ముఖ్యం. ఎలుకను తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా అనే క్రిమి సోకవచ్చు. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల దాకా మలంలో ఆ క్రిమి గుడ్లు పడతాయి, గర్భంలోని బిడ్డకు అవి ప్రమాదం. పడిన గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే ఇసుక ట్రే రోజూ తప్పకుండా శుభ్రం చేయాలి, ఆ పని మీరో మీ అబ్బాయో చేయాలి, కోడలు చేయకూడదు. ఎన్నడూ ఎలుకను ముట్టని పిల్లికి కొత్తగా వేట నేర్పడానికి ఇది సరైన సమయం కాదని మా అభిప్రాయం. ప్రసవం అయ్యేదాకా పిల్లిని పై అంతస్తులోనే ఉంచి, బేస్‌మెంట్‌లో బోనులు పెట్టి, సందులు మూయించండి.

వేట మొదలుపెట్టిన ఏ పిల్లికైనా ఎలుకల నుంచి బద్దెపురుగులు వస్తాయి. మూడు నెలలకోసారి, తరచూ ఎలుకలు తినేదానికి డాక్టరును అడిగి నెలనెలా నట్టల మందు వేయించండి. రేబిస్ టీకా మూడో నెలలో మొదలుపెట్టి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో వేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే వేట పోతుందన్న భయం అక్కర్లేదు, పోదు.

ప్రశ్న: మా పిల్లి ఎలుకలను తింటుంది గానీ, మూతి కోసుగా ఉండి కీచుమనేదాన్ని చంపి గుమ్మంలో వదిలేస్తుంది. ఎందుకు?
— ఒక విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: అది చుంచు. చూడడానికి ఎలుకలా ఉన్నా ఎలుక జాతి కాదు, బొద్దింకలు, పురుగులు తిని బతుకుతుంది. పక్కల్లో ఉండే గ్రంథుల నుంచి ఘాటైన వాసన వస్తుంది కాబట్టి పిల్లి చంపినా నోట పెట్టదు. కళేబరాన్ని కవరుతో తీసి, పెరట్లో అయితే లోతుగా పాతిపెట్టి, గుమ్మం కడిగేయండి.